రాయ్‌పూర్ ప్రాంతంలో మతం, చట్టం

ఇప్పుడు రాయ్‌పూర్ రాజధానిగా ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో మతాన్ని గురించిన చట్టాలు స్వాతంత్ర్యానికి ముందే పుట్టాయి. 1936లో రాయగఢ్ సంస్థానం మతమార్పిడిపై చట్టం చేసింది. తరువాత సర్గుజా, 1946లో ఉదయపూర్ అదే బాట పట్టాయి. ఈ ఉదయపూర్ రాజస్థాన్‌లోది కాదు, ధరమ్‌జయ్‌గఢ్ రాజధానిగా ఉన్న చిన్న సంస్థానం. ఎవరు మారుతున్నారు, ఎవరు మారుస్తున్నారు అన్నదే ఈ చట్టాల ధ్యాసంతా. మారినవాడిని ఊరు ఎలా చూస్తుందన్నది వాటికి పట్టలేదు.

మతం, కులం పేరిట ప్రభుత్వం వివక్ష చూపరాదని 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో చెప్పింది. దుకాణాలు, హోటళ్లు, ప్రజల బావులు, చెరువుల దగ్గర తోటి పౌరులకూ ఆ కట్టడి ఉంది. అంటరానితనాన్ని శిక్షించడానికి 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది. మత వివక్షకు అలాంటి చట్టం రాలేదు.

రాయ్‌పూర్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్న రవిశంకర్ శుక్లా, అప్పట్లో ఈ ప్రాంతం కూడా కలిసి ఉన్న మధ్యప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా ఉండగా, 1954లో మిషనరీల కార్యకలాపాలపై విచారణ సంఘం వేశారు. నాగపూర్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భవానీశంకర్ నియోగి దానికి అధ్యక్షులు. 1956 నాటి ఆయన నివేదిక మతమార్పిడులకు చట్టంతో అడ్డుకట్ట వేయమంది. పన్నెండేళ్లకు, 1968లో, మధ్యప్రదేశ్ ధర్మ స్వాతంత్ర్య చట్టం వచ్చింది. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మారిస్తే ఏడాది దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మారినవారు మైనర్లు, స్త్రీలు, దళితులు, ఆదివాసులు అయితే శిక్ష రెండింతలు. మార్పిడి జరిపించిన మతగురువు జిల్లా మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి.

ఈ చట్టానికి అసలు పరీక్ష రాయ్‌పూర్ ప్రాంతంలోని బలౌదాబజార్‌లో ఎదురైంది. అక్కడి సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు ఫాదర్ స్టానిస్లాస్‌పై ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చారు. ఇలాంటి చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదని, ఇది మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణానికి విరుద్ధమని ఫాదర్ వాదించారు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. ఒరిస్సా హైకోర్టు మాత్రం తన రాష్ట్రంలోని ఇలాంటి చట్టాన్నే కొట్టివేసింది. 1977 జనవరి 17న సుప్రీంకోర్టు రెండు చట్టాలనూ సమర్థించింది. మత ప్రచారం చేసుకోవచ్చు గానీ మరొకరిని మార్చడం హక్కు కాదని ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే తీర్పు చెప్పారు. నేటికీ ఈ వివాదంలో అందరూ ఎత్తిచూపే తీర్పు ఇదే.

అదే బలౌదాబజార్ ప్రాంతంలోని గిరౌద్‌పురి గురు ఘాసీదాస్ జన్మస్థలం. కులభేదాలను తోసిపుచ్చిన సత్నామీ పంథాను నడిపినవారాయన. సత్నామీలు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను మతానికి ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. క్రైస్తవం తీసుకున్న సత్నామీకి రిజర్వేషన్ పోతుంది. ఊళ్లో కులం పోతుందా అంటే, ఆ ప్రశ్న ఉత్తర్వుకు అందనిది.

2000లో ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మధ్యప్రదేశ్ 1968 చట్టం కూడా వారసత్వంగా వచ్చింది. 2006లో రాయ్‌పూర్ శాసనసభ శిక్షలు పెంచుతూ సవరణ బిల్లు ఆమోదించింది. పూర్వీకుల మతంలోకి తిరిగి రావడం మార్పిడి కాదని అందులో రాశారు. ఒక దారిన వెళ్తే నేరానుమానం, ఎదురు దారిన వస్తే లెక్కలోకే రాదన్నమాట. సమానత్వ సూత్రానికి ఇది పొసగదు.

వివక్ష ప్రశ్న సూటిగా కోర్టుకెక్కింది 2025లో, బస్తర్ జిల్లా ఛింద్‌వాడాలో. ఒక క్రైస్తవ పాస్టర్ జనవరి 7న చనిపోతే, ఊరి శ్మశానంలో పాతిపెట్టడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. మృతదేహం ఇరవై రోజులు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు విడిపోయారు. ఇది 14, 15 అధికరణాల ఉల్లంఘన, సొంత పొలంలో పూడ్చనివ్వాలి అన్నారు జస్టిస్ నాగరత్న. క్రైస్తవులకు కేటాయించిన స్థలంలోనే అన్నారు జస్టిస్ శర్మ. ఇక ఆలస్యం కాకూడదని ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్‌లో ఖననం చేయమని జనవరి 27న ఇద్దరూ ఆదేశించారు. రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశానస్థలాలు గుర్తించమని జస్టిస్ నాగరత్న తన తీర్పులో అన్నారు.

15వ అధికరణం ఊరి వెలిని ఆపలేకపోవడానికి కారణం దాని పరిధే. అలాంటి వెలిని ఆపడానికి మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారంపై చట్టం చేసింది. మతంతో సహా అన్ని రకాల వివక్షనూ ప్రైవేటు రంగంలో కూడా నిషేధించే బిల్లును శశి థరూర్ 2017లో లోక్‌సభలో పెట్టారు. 2019లో ఆ సభ గడువు తీరడంతో అది మురిగిపోయింది.