రంగు తీసే గుణమే రంగు పట్టించింది

అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మకు ధర పలికించేది ముందుగా రంగే. పసుపు తేలిన దిమ్మకు గిరాకీ ఎక్కువ, నల్లబెల్లానికి తక్కువ. అందుకే కొందరు మరిగే చెరకు పాకంలో హైడ్రోస్ చల్లుతారు. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే ఈ పొడికి క్షయకరణ గుణం, అంటే ఎదుటి పదార్థానికి ఎలక్ట్రాన్లిచ్చే గుణం, జాస్తి. పాకంలోని నలుపును విరిచి, గంధకపు అవశేషాన్ని మిగులుస్తుంది. పాకంలో రంగు చెరిపే ఆ గుణమే పరీక్షనాళికలో రంగు పుట్టించి నిజం చెప్పిస్తుంది.

ఇలా క్షయకరణతో రంగు తేల్చే పరీక్షల్లో ముందుగా పేరొచ్చింది చక్కెర పరీక్షకే. రాగి కలిసిన నీలి ద్రావణంలో గ్లూకోజు వేసి కాస్తే రాగి క్షయకరణం చెంది ఎర్రటి మడ్డి దిగుతుంది. 1840ల చివర జర్మనీలో రసాయనవేత్త ఫెలింగ్ దీన్ని పరీక్షగా మలిచాడు. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో బెనెడిక్ట్ మెరుగుపరిచాడు. మూత్రంలో చక్కెర పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు వరుసగా కనిపించేవి.

భాస్వరాన్ని కొలవడం అంత తేలిక కాలేదు. 1920 నాటి బెల్–డోయిసీ పద్ధతిలో వచ్చిన నీలిరంగు త్వరగా వెలిసిపోయేది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో కొత్త పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేటు జతచేసి, మేలైన క్షయకరణి కలిపితే కొద్ది నిమిషాల్లోనే నీలం తేలుతుంది. ఎంత చిక్కటి నీలమో, అంత భాస్వరం. కండరాల రసంలో మాత్రం ఆ నీలం ఆలస్యంగా ముదిరింది. ఎందుకని వెతికితే, ఆమ్లంలో మెల్లగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ దొరికింది.

చక్కెర పరీక్ష కూడా తేలికైంది. 1956లో అమెరికాలో ఆల్ఫ్రెడ్, హెలెన్ ఫ్రీ దంపతుల కృషితో క్లినిస్టిక్స్ అనే పరీక్ష పట్టీ వచ్చింది. ఈ కాగితపు పట్టీని మూత్రంలో ముంచి చక్కెర ఉందో లేదో చూడటం ఇంట్లోనే సాధ్యమైంది.

1913 నుంచి చెరకు పరిశోధన సాగుతున్న అనకాపల్లికి ఈ కథ దూరమేమీ కాదు. చెరకు నేలల్లో భాస్వరం తేల్చే భూసార పరీక్షలు నేటికీ మాలిబ్డినం నీలం మీదే నడుస్తున్నాయి. క్షయకరణ కాకున్నా, బెల్లంలో కల్తీనీ రంగు మార్పే పట్టిస్తుంది: మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు కలిస్తే, ఆ బెల్లం కరిగించిన నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడగానే గులాబీరంగు తిరుగుతుంది.

దిమ్మ మెరుపు నాణ్యతకు హామీ కాదు. అనుమానం వస్తే, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవారెవరైనా, కొనేటప్పుడే అమ్మకందారుకు ఆ సంగతి చెప్పి, రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది.