చెప్పి అమ్మండి అంటే కూడా కుదరదంట: విట్టెనూమ్ గని నుంచి రోటర్‌డామ్ ఒప్పందం దాకా

ఎపిసోడ్‌లో తొందరగా దాటేసిన సంగతులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. విననివాళ్లు కూడా ఇది చదివితే విషయం తెలుస్తుంది.

విషయం మన ఊళ్లో ఇళ్ల మీదుండే సిమెంటు రేకు. కొందరు చార్మినార్ రేకు అంటారు, కొందరు ఆస్బెస్టాస్ రేకు అంటారు. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్ అమ్మడం, బయటి నుంచి తేవడం, కొత్తగా వాడటం 2003 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధం. నేనిక్కడ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. పాత బిల్డింగు పగలగొట్టేటప్పుడు గోడలో అలాంటి షీటు కనబడితే అక్కడ పని ఆపేయాల్సిందే. లైసెన్సున్నవాళ్లు మాస్కులు, ఒంటినిండా సూట్లు వేసుకుని వచ్చి, తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోతారు. అదే రకం రేకు మన దగ్గర షాపు ముందు దొంతరగా పేర్చి ఉంటుంది. చెప్పులేసుకున్న కుర్రాడు గ్రైండర్‌తో కోసి ఆటోలోకి ఎక్కిస్తాడు.

ఒకే వస్తువు ఒక దేశంలో విషం, ఇంకో దేశంలో ఇంటి కప్పు ఎట్లా అయింది? దేశాలన్నీ కూర్చుని దీనిమీద ఒక మాట అనుకోలేదా? అనుకున్నాయి. ఆ మాట పేరు రోటర్‌డామ్ ఒప్పందం. అది ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే ముందు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక గని దగ్గరికి పోవాలి.

విట్టెనూమ్: వలస కూలీల గని

ఆస్బెస్టాస్‌ని తెలుగులో రాతినార అంటారు. పేరుకు తగ్గట్టే రాయిలోంచి నారలాగా పీచు వస్తుంది. నిప్పుకు కాలదు, నీళ్లకు కుళ్లదు, సిమెంటులో కలిపితే పల్చటి రేకు కూడా గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు ఇనుప ఖనిజానికి పేరున్న పిల్బరా ప్రాంతంలో, బంజిమా అనే ఆదివాసుల నేల మీద నీలం రంగు ఆస్బెస్టాస్ దొరికింది. ఆ ఊరు విట్టెనూమ్. 1943లో సీఎస్ఆర్ అనే పెద్ద చక్కెర కంపెనీ ఆ గనిని చేతిలోకి తీసుకుని 1966 చివరిదాకా నడిపింది. మూసింది కూలీల ఆరోగ్యం చూసి కాదు, లాభం రాక.

ఆ ఇరవైమూడేళ్లలో దాదాపు 7,000 మంది అక్కడ పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ, యుగోస్లావియా లాంటి యూరప్ దేశాల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలా మంది. భాష రాదు, ఒప్పందం మీద వచ్చారు, ఇంటికి డబ్బులు పంపాలి. చదువుతుంటే మన గల్ఫ్ కథలాగే ఉంటుంది. గనిలో, మిల్లులో ఎటు చూసినా దుమ్ము. పీచు తీసేశాక మిగిలిన పొడిరాయిని ఊళ్లో రోడ్లకు, ఇళ్ల ముందుకు, బడి ఆవరణలోకి తోలి పరిచారు. పిల్లలు అందులోనే ఆడుకున్నారు.

తెలియక జరిగిందా అంటే, అందరికీ తెలియనిదేం కాదు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్ దుమ్ము మీద 1931లోనే నిబంధనలు వచ్చాయి. 1948లో ఎరిక్ సెయింట్ అనే డాక్టరు విట్టెనూమ్ వెళ్లి చూసి, ఇక్కడ పెద్ద ఆపద రాబోతోందని పెర్త్‌లోని ఆరోగ్య శాఖకు రాశాడు. గని ఆ తర్వాత ఇంకో పద్దెనిమిదేళ్లు నడిచింది. ఆ మాట చెవిన పడాల్సింది దుమ్ము పీల్చే మనిషికి. వాడికి చేరలేదు.

ఈ జబ్బుల తీరే మోసం. ఆస్బెస్టాస్ పీచు కంటికి కనబడనంత సన్నంగా ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. పీల్చినరోజు దగ్గు కూడా రాకపోవచ్చు. మెసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు కూడా పడుతుంది. అప్పటికి కూలీ ఊరు మారి ఉంటాడు, కంపెనీ పేరు మారి ఉంటుంది. విట్టెనూమ్ కార్మికులు, ఆ ఊళ్లో బతికినవాళ్లు కలిపి 2,000 మందికి పైగా చనిపోయారని అంచనా. 2007లో ఆ ఊరి పేరునే ప్రభుత్వం మ్యాపు నుంచి తీసేసింది. గుట్టలుగా పోసిన వ్యర్థం మాత్రం ఇంకా అక్కడే ఉంది.

నిషేధం దానంతటది రాలేదు

ఆస్ట్రేలియా ప్రభుత్వం మంచిది కాబట్టి నిషేధించింది అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. అట్లా జరగలేదు. క్రొయేషియా నుంచి వలస వచ్చి విట్టెనూమ్‌లో పనిచేసిన రాబర్ట్ వొయకోవిచ్ లాంటివాళ్లు పెర్త్‌లో బాధితుల సంఘం నడిపి, ఒక్కొక్కరిని వెతికి పట్టుకుని కేసులు వేయించారు. 1988లో కోర్టుల్లో తీర్పులు కూలీల వైపు వచ్చాయి. 1990లో మిడ్‌నైట్ ఆయిల్ అనే బ్యాండు ఈ గని మీద పాట కట్టింది. ఆ పాట పాడిన పీటర్ గారెట్ 2007లో ఈ దేశానికి పర్యావరణ మంత్రి అయ్యాడు.

ఇంకో పక్క జేమ్స్ హార్డీ అనే కంపెనీ. ఇక్కడి పాత ఇళ్ల గోడల్లో కనబడే ఫైబ్రో షీట్లు ఎక్కువగా దానివే. 2001లో బాధితుల కోసమని ఒక ఫౌండేషన్ పెట్టి, కంపెనీ తన స్థావరాన్ని నెదర్లాండ్స్‌కి మార్చుకుంది. ఫౌండేషన్‌లో పెట్టిన డబ్బు ఏమాత్రం చాలదని 2004 నాటి విచారణలో తేలింది. ఆ కంపెనీలో పనిచేసి జబ్బుపడ్డ బెర్నీ బాంటన్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే యూనియన్లతో కలిసి ఊరేగింపుల్లో నడిచాడు. చివరికి 2007లో పెద్ద పరిహార నిధికి ఒప్పందం ఖరారైంది. అదే ఏడాది నవంబర్‌లో ఆయన మెసోథీలియోమాతోనే చనిపోయాడు.

"అది నీలం రకం, మాది తెల్లది, దీనితో ప్రమాదం లేదు" అనే వాదన ఒకటుంది. తెల్ల ఆస్బెస్టాస్ అంటే క్రిసోటైల్. మన రేకుల్లో కలిపేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం అన్ని రకాల ఆస్బెస్టాస్‌తోనూ క్యాన్సర్ వస్తుందని తేల్చింది. ఆస్ట్రేలియాకు దీని అనుభవమూ ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లోని బర్యుల్గిల్‌లో 1944 నుంచి 1979 దాకా తవ్వింది తెల్ల రకమే. అక్కడ పనిచేసినవాళ్లు ఎక్కువగా బుంజలుంగ్ ఆదివాసులు. వాళ్ల కుటుంబాలు కూడా జబ్బులతో బాధపడ్డాయి.

రోటర్‌డామ్: నిషేధం కాదు, సమాచారం

ఇప్పుడు ఒప్పందం దగ్గరికి వద్దాం. ధనిక దేశాలు తమ దగ్గర నిషేధించిన పురుగుమందులు, రసాయనాలు పేద దేశాలకు అమ్ముకోవడం 1970లు, 80లలో మామూలైపోయింది. కొనే దేశానికి అది నిషేధించిన సరుకని కూడా తెలిసేది కాదు. మొదట ఐక్యరాజ్యసమితి సంస్థలు ఇష్టముంటే పాటించండి అనే పద్ధతిలో నియమాలు పెట్టాయి. తర్వాత 1998 సెప్టెంబర్‌లో రోటర్‌డామ్‌లో అసలు ఒప్పందం కుదిరింది. 2004 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆస్ట్రేలియా 2004లో, ఇండియా 2005లో చేరాయి. ఇవాళ 160కి పైగా దేశాలు సభ్యులు.

ఇది నిషేధించే ఒప్పందం కాదు, అది ముందు గుర్తుపెట్టుకోండి. ఒక ప్రమాదకరమైన పదార్థం మూడో అనుబంధం అనే జాబితాలోకి ఎక్కితే, అమ్మే దేశం కొనే దేశానికి ముందే చెప్పాలి: ఇది ఇలాంటి సరుకు, ఈ ప్రమాదం ఉంది, మీకు కావాలా వద్దా? కొనే దేశం కావాలి అనొచ్చు, వద్దు అనొచ్చు, ఈ షరతులతో అనొచ్చు. అంతే. చెప్పి అమ్మండి, అడిగి పంపండి అనడమే దాని సారం.

నీలం ఆస్బెస్టాస్ మొదటి నుంచీ ఆ జాబితాలో ఉంది. 2004లో ఇంకో నాలుగు రకాలు చేరాయి. మిగిలింది తెల్లది ఒక్కటే. ప్రపంచంలో ఇప్పటికీ వ్యాపారం నడిచేదీ దానిమీదే. దాన్ని కూడా చేర్చాలని ఒప్పందం తాలూకు నిపుణుల కమిటీయే సిఫారసు చేసింది. 2006 నుంచి సభ్యదేశాల సమావేశం ముందుకు వస్తూనే ఉంది, వెనక్కి పోతూనే ఉంది. ఎందుకంటే జాబితాలో చేర్చాలంటే ఏకాభిప్రాయం కావాలి. వంద దేశాలు సరే అన్నా, ఒక్క దేశం చెయ్యెత్తి కాదంటే ఆగిపోతుంది.

అడ్డుపడ్డవాళ్లు మారుతూ వచ్చారు. చాలాకాలం కెనడా ముందుండేది, ఎందుకంటే క్యూబెక్‌లో గనులున్నాయి. తర్వాత ఆ గనులు మూతపడ్డాయి, అడ్డు చెప్పడం మానేసింది, 2018లో తనే నిషేధించింది. రష్యా, కజకిస్తాన్‌లు తవ్వి అమ్మే దేశాలు, వాటి లెక్క తెలిసిందే. మన లెక్కే వింతగా ఉంటుంది. 2011లో ఇండియా జాబితాలో చేర్చడానికి ఒప్పుకుంది. 2013కల్లా మళ్లీ కాదంది. రష్యా అమ్ముకుంటుంది కాబట్టి చెప్పనంటుంది. కొనుక్కునే మనం మాకు చెప్పొద్దు అనడం ఏంటి? రేకుల ఫ్యాక్టరీలు, వాటి ఉద్యోగాలు, చవక ఇల్లు అనేవి మనవైపు చెప్పే కారణాలు.

2023లో ఆస్ట్రేలియా, మాలీ, స్విట్జర్లాండ్ కలిసి ఇంకో దారి వెతికాయి. ఏకాభిప్రాయం రాక ఆగిపోయిన పదార్థాలకు వేరే అనుబంధం పెడదామన్నాయి. అదీ గట్టెక్కలేదు. 2025లో జెనీవా సమావేశంలోనూ తెల్ల ఆస్బెస్టాస్ జాబితాకెక్కలేదు. దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

మన నేల మీద

చవక ఇల్లు అనే మాటను నేను తీసిపారేయను. ఎండాకాలం వస్తే గుడిసెలు వరసగా అంటుకుని కాలిపోయేవి. తాటాకు ఇంటి నుంచి రేకుల ఇంటికి రావడమంటే మన తల్లిదండ్రులకు నిజంగానే ఒక మెట్టు ఎక్కడం. హైదరాబాద్ సనత్‌నగర్‌లో 1940లలోనే ఈ రేకుల ఫ్యాక్టరీ వచ్చింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల ఆస్బెస్టాస్ తవ్వారు. తర్వాత దేశంలో తవ్వకాలకు కళ్లెం వేశారు గానీ, వాడకానికి వేయలేదు. సరుకు బయటి నుంచి ఓడల్లో వస్తోంది.

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం మీద పెద్ద తీర్పిచ్చింది. రాసింది మన తెలుగు న్యాయమూర్తే, జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు కనీసం నలభై ఏళ్లు దాచాలని అందులో ఉంది. జబ్బు నలభై ఏళ్లకు కూడా బయటపడుతుంది కాబట్టే ఆ లెక్క. కానీ అది ఫ్యాక్టరీలో పేరున్న మనిషికి. ఇంటి మీద రేకు కోసే తాపీమేస్త్రీకి, వెల్డింగ్ కుర్రాడికి ఏ రిజిస్టర్‌లోనూ పేరుండదు.

రేకులు కొనొద్దంటే పేదవాడు ఎక్కడికి పోవాలి అని అడుగుతారు. ఆస్బెస్టాస్ లేకుండా వేరే నారతో చేసే సిమెంటు షీట్లు ఉన్నాయి. జేమ్స్ హార్డీయే 1980లలో చెక్క గుజ్జు నారకు మారింది. ఆస్ట్రేలియాలో ఇప్పుడు మనం బిగించేవి అవే. ధర కొంచెం ఎక్కువ ఉంటుంది. కానీ కొనేవాడికి రెండిటి మధ్య తేడా తెలియాలి కదా, అప్పుడే ఎంచుకోగలడు.

నిషేధించిన దేశానికి కూడా ఈ సమాచారం అవసరమే. 2016లో పెర్త్‌లో పిల్లల ఆసుపత్రి కడుతుంటే చైనా నుంచి వచ్చిన రూఫ్ ప్యానెళ్లలో ఆస్బెస్టాస్ బయటపడింది. అవి బిగించిన చోట పనిచేసింది మనలాంటివాళ్లే. అమ్మేవాడు నిజం చెప్పకపోతే ఒక్క దేశం చట్టం ఒంటరిగా కాపాడలేదు. పర్యావరణ ఒప్పందాలు పెద్దోళ్ల మీటింగులు, మనకెందుకు అనుకుంటాం గానీ, ఇట్లాంటివి నేరుగా మన ఊపిరితిత్తుల దాకా వస్తాయి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి

ఇల్లు మీద రేకు బాగుంటే భయపడి పీకేయక్కర్లేదు. కదపనంతసేపు ప్రమాదం తక్కువ. పగలగొట్టడం, ఎండురేకును గ్రైండర్‌తో కోయడం, బ్రష్షుతో తోమడం, ఆ పొడిని చీపురుతో ఊడవడం, ఇవే అసలు ప్రమాదం. తప్పక కోయాల్సి వస్తే నీళ్లతో తడిపి, చేతి రంపంతో, పిల్లలను దూరం పంపి కోయించండి. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఈ పీచు ఆగదు. పని చేసిన బట్టలు ఇంట్లోవాళ్ల బట్టల్లో కలిపి ఉతకొద్దు. విరిగిన ముక్కలు నలగ్గొట్టి దారిలో గుంటలు పూడ్చొద్దు. మీరు పంపిన డబ్బుతో కొత్త షెడ్డు వేస్తుంటే, ఇందులో ఆస్బెస్టాస్ ఉందా అని షాపువాణ్ణి అడగమనండి, బిల్లు మీద రాయించుకోమనండి.

గల్ఫ్‌లో, సింగపూర్‌లో, మలేషియాలో ఉన్నవాళ్లు పాత బిల్డింగు కూలగొట్టే పనికి పోతే, పైపుల చుట్టూ ఉన్న పూత, పాత షీట్లు టెస్టు చేయించారా అని ముందే ఫోర్‌మన్‌ని అడగండి. అడిగితే పని పోతుందనే భయం నాకూ తెలుసు. ఒక్కరు కాకుండా నలుగురు కలిసి అడగండి.

సభ్యదేశాల సమావేశం రెండేళ్లకోసారి జరుగుతుంది. వచ్చేసారి తెల్ల ఆస్బెస్టాస్ మళ్లీ బల్ల మీదికి వస్తే మన దేశం ఏమందో మన ఎపిసోడ్‌లో తప్పకుండా చెబుతాను. మీ ఊళ్లో రేకుల ఫ్యాక్టరీలోనో, పులివెందుల గనుల్లోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే, వాళ్లకిష్టమైతే వాయిస్ మెసేజ్ పంపించమనండి. వాళ్ల మాటల్లోనే వినిపిద్దాం.