తాతల ఓడలు

ప్రియ చదువరీ, మీ పూర్వికుల పేర్లు ఎన్ని తరముల వరకు చెప్పగలరు? తాత పేరు అందరికి తెలియును. ముత్తాత పేరు కొందరికి తెలియును. ఆపైన చెప్పగలవారు అరుదు. అయినను మన పూర్వికులలో ఒకడు ఓడనెక్కి సముద్రములు దాటినవాడని ఎవరైన చెప్పినయెడల మన ముఖము వికసించును. అట్టివాని చరిత్ర వెదకుట మంచిదే. అయితే వెదకువానికి తాను కోరినదే దొరకునని నిశ్చయము లేదు. ఇందుకు ఒక కుటుంబపు చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రోడ్ ఐలండు అను చిన్న రాష్ట్రము కలదు. అందులో బ్రిస్టలు ఒక రేవు పట్టణము. అచ్చట డివుల్ఫ్ వంశమువారు తరతరములుగా పేరు మోసినవారు. వారిలో నావికులు అనేకులు. జాన్ డివుల్ఫ్ అను కెప్టెను 1804లో జూనో అను ఓడలో బయలుదేరి, దక్షిణ అమెరికా కొన చుట్టి, బొచ్చుతోళ్ల వర్తకము నిమిత్తము ఉత్తర పసిఫిక్ తీరమునకు పోయెను. 1805లో ఆ ఓడను అలాస్కాలోని రష్యావారికి అమ్మివేసి, సైబీరియా చేరి, ఆ మహా భూఖండమును అడ్డముగా దాటి 1807లో సెంట్ పీటర్స్‌బర్గు ప్రవేశించెను. ఇల్లు చేరునప్పటికి 1808వ సంవత్సరము. ఆయన భార్యవైపు మేనల్లుడైన హెర్మన్ మెల్విల్ 1851లో ప్రచురించిన మోబీ డిక్ అను నవలలో ఆయనను స్మరించెను. ఇట్టి పూర్వికుని గూర్చి పిల్లలకు చెప్పుకొనుటకు ఎవరు సిగ్గుపడుదురు?

ఆ వంశమునకు చెందిన కట్రీనా బ్రౌన్ 1990ల కాలములో వేదాంత విద్య నభ్యసించుచుండగా, ఆమె అవ్వ కుటుంబ చరిత్రను చిన్న పుస్తకముగా వ్రాసి మనుమలకు పంపెను. అందులో మన పెద్దలు బానిసల వర్తకము చేసిరని కొద్ది మాటలలో వ్రాయబడియుండెను. అది చదివి ఆమె నిర్ఘాంతపోయెను. అంతకంటె ఆమెను కలవరపరచినది మరియొకటి కలదు. ఆ సంగతి తనకు ఇదివరకే తెలియుననియు, తెలిసియు దానిని మనస్సులో పాతిపెట్టితిననియు ఆమె గ్రహించెను.

అప్పుడామె పాత పత్రములను వెదకనారంభించెను. 1769 మొదలు 1820 వరకు తండ్రులు, కుమారులు, మనుమలు అను మూడు తరములవారు ఈ వర్తకము చేసిరి. బ్రిస్టలు బట్టీలలో కాచిన రమ్ము సారాయిని ఆఫ్రికా పశ్చిమ తీరమునకు తీసికొనిపోయి, దానికి బదులుగా మనుష్యులను కొనిరి. వారిని క్యూబాలోని తమ తోటలకో, హవానా, చార్లెస్టను అంగళ్లకో చేర్చిరి. అక్కడి పంచదారను, చెరకు మడ్డిని బ్రిస్టలునకు తెచ్చి మరల సారాయి కాచిరి. ఈ విధముగా వారు సముద్రము దాటించిన ఆఫ్రికావారు పదివేలకు మించినవారు.

వారిలో ముఖ్యుడు జేమ్సు డివుల్ఫ్ (1764–1837). యౌవనముననే కెప్టెనైన ఇతడు పాలీ అను ఓడమీద వచ్చుచుండగా, చెరలోనున్న ఒక స్త్రీకి మశూచికము సోకెను. రోగము తక్కినవారికి అంటునని తలంచి, ఆమెను ఒక కుర్చీకి కట్టించి, నోటికి గుడ్డ బిగించి, సముద్రములోనికి దింపించెను. మంచి కుర్చీ పోయినదని అతడు విచారించెనని ఓడలోని నావికుడొకడు సాక్ష్యమిచ్చెను. 1791లో న్యూపోర్టులో అతనిమీద హత్యానేరము మోపబడెను గాని, అతడు వెస్టిండీసు దీవులకు పోయి తప్పించుకొనెను. శిక్ష పడలేదు. తరువాత స్వస్థలమునకు వచ్చి మహా ధనవంతుడై, 1821 నుండి 1825 వరకు దేశపు సెనేటు సభలో కూర్చుండెను. ఆఫ్రికానుండి తెచ్చిన ఇద్దరు చిన్నపిల్లలను తన భార్యకు క్రిస్మసు బహుమానముగా ఇచ్చినవాడు ఇతడే. రక్షకుడు శిశువుగా పుట్టిన పండుగనాడు ఈ శిశువులు బహుమానపు వస్తువులైరి!

ఆ కాలమున ఇది తప్పని ఎవరికిని తెలియదందురా? రోడ్ ఐలండు 1787లోనే తన ప్రజలకు ఈ వర్తకము నిషేధించెను. 1808 నుండి దేశమంతటను బానిసల దిగుమతి నిషిద్ధమాయెను. అయితే 1804లో బ్రిస్టలు రేవునకు సుంకపు అధికారిగా జేమ్సు తోడల్లుడే నియమింపబడెను. అతనికిని అట్టి ఓడలలో వాటాలు ఉండెను. దొంగ చేతికి తాళపుచెవులు ఇచ్చినట్లాయెను. వడ్రంగులు, కమ్మరులు, పీపాలు చేయువారు, అందరును ఆ ఓడలవలననే భుజించిరి. అందుచేత ఊరంతయు మౌనము వహించెను.

2001లో కట్రీనా, మరి తొమ్మండుగురు బంధువులు కలిసి ఆ ఓడలు పోయిన మార్గముననే ప్రయాణమైరి. బ్రిస్టలునుండి ఘానాకును, అచ్చటనుండి క్యూబాకును పోయిరి. ఘానాలోని కేప్ కోస్టు కోటలో బందీలనుంచిన చీకటి కొట్లు నేటికిని ఉన్నవి. వాటి పైభాగముననే ఆంగ్లేయులు ప్రార్థన చేసికొనిన స్థలము ఉండెను. క్రింద మూలుగులు, పైన కీర్తనలు! ఈ ప్రయాణమును గూర్చి ఆమె తీసిన చలనచిత్రము 2008లో వెలువడెను. ఆ వంశమువారనేకులు ఎపిస్కోపల్ సంఘస్థులు. వారిలో ఒకరు 1930 నుండి 1937 వరకు ఆ సంఘమునకు ప్రధాన బిషప్పుగా నుండిరి. ఆ సంఘము 2006లో తన మహాసభయందు బానిసత్వములో తనకుగల పాలును ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. 2008లో ఫిలడెల్ఫియా నగరమున, నల్లజాతి క్రైస్తవులు స్థాపించిన సెంట్ థామస్ దేవాలయములోనే పశ్చాత్తాప ఆరాధన జరిపెను.

తాతలు చేసిన పాపమునకు మనుమరాలు ఏల దుఃఖింపవలెను అని మీరు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నయే. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు గ్రంథము 18వ అధ్యాయము బోధించుచున్నది. అయినను నెహెమ్యా 9వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు నిలువబడి తమ పాపములతోకూడ తమ పితరుల పాపములను ఒప్పుకొనిరి. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు. శిక్ష వారసత్వముగా రాదు గాని, ఇల్లు వచ్చును, పొలము వచ్చును, చదువు వచ్చును, గౌరవము వచ్చును. వాటితోకూడ మౌనము కూడ వచ్చును. ఆస్తికి వారసులమై అప్పుకు మాత్రము కామనుట న్యాయమా?

మత్తయి సువార్త మొదటి అధ్యాయమును చదువుడి. మన ప్రభువు వంశావళిలో తామారు కలదు, రాహాబు కలదు, ఊరియా భార్య కలదు. పరిశుద్ధాత్మ ఆ పేర్లను తుడిచివేయలేదు. దావీదు మహారాజు పాపము కూడ అందులో కప్పబడలేదు. రక్షకుడు మచ్చలేని వంశమును వెదకి జన్మించినవాడు కాడు. నిజము ఒప్పుకొనిన చోటనే కృపకు పని కలదు.

కనుక చదువరీ, మీ తాతల కథలను వెదకుడి. వెదకునప్పుడు సైబీరియా దాటినవాని కథతో ఆగిపోకుడి. మన పెద్దల పొలములలో వెట్టిచాకిరి చేసినవారెవరు? మన బావియొద్దకు రానియ్యబడనివారెవరు? ఆ మాట ఇంటిలో ఎన్నడైన పలికితిమా? ఒకవేళ మీరు ఓడపైని నిలిచినవారి సంతతి గాక, అడుగున సంకెళ్లలో పడియున్నవారి సంతతియైనయెడల, సిగ్గుపడకుడి. సిగ్గు మీది కాదు.

వర్తకుల లెక్క పుస్తకములలో జేమ్సు డివుల్ఫ్ పేరు, ఓడ పేరు, సారాయి కొలతలు అన్నియు ఉన్నవి. కుర్చీకి కట్టబడి సముద్రము పాలైన ఆ స్త్రీ పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు. అయినను పిచ్చుకలను మరువని దేవుడు ఆమెను మరచియుండునా? ఆయన యెదుట మన ఇంటి కథను ఏమియు దాచక చెప్పుకొను ధైర్యమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.