ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాన్ని ఇతర సామాజిక శాస్త్రాలతో కలిపి బోధించే స్నాతకోత్తర విద్యా, పరిశోధన కేంద్రం. భారత జాతీయాదాయ గణనలో ఆద్యులలో ఒకరైన వి.కె.ఆర్.వి. రావు దీనిని 1949లో స్థాపించారు.

అర్థశాస్త్రంతో పాటు సమాజశాస్త్రం, భూగోళశాస్త్రం, వాణిజ్యశాస్త్ర విభాగాలు ఇందులో భాగం. సమాజశాస్త్ర విభాగాన్ని 1959లో ఎం.ఎన్. శ్రీనివాస్ నెలకొల్పారు. కులం, గ్రామం, అసమానతలపై క్షేత్ర పరిశోధనలకు ఈ విభాగం పేరొందింది. ఆంద్రె బెతెయ్ ఇక్కడ దీర్ఘకాలం బోధించారు. ప్రాంగణంలోని రతన్ టాటా గ్రంథాలయం అన్ని విభాగాలకూ ఉమ్మడి వనరు.

అర్థశాస్త్ర ఎం.ఏ. బోధనలో సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, గణాంక పద్ధతులు ప్రధానం. అభివృద్ధి, పేదరికం, ప్రజా విధానం వంటి అంశాలు ఈ విద్యను సామాజిక శాస్త్రాలతో కలుపుతాయి. అమర్త్య సేన్ ఇక్కడ 1963 నుంచి 1971 వరకు ఆచార్యులు. సామాజిక ఎంపిక సిద్ధాంతంపై ఆయన ప్రసిద్ధ గ్రంథం 1970లో వెలువడింది. సంక్షేమ అర్థశాస్త్రంలో కృషికి ఆయన 1998లో నోబెల్ స్మారక బహుమతి పొందారు. కె.ఎన్. రాజ్, సుఖమయ్ చక్రవర్తి, జగదీశ్ భగవతి, మన్మోహన్ సింగ్ కూడా ఇక్కడ బోధించారు.