మూలకణ చికిత్స: వైరల్ శ్వాస వైఫల్యంలో ఎంతవరకు?
ఇన్‌ఫ్లుయెంజా, కొవిడ్-19 తీవ్రమైనప్పుడు రోగనిరోధక స్పందన అదుపుతప్పి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. గాలిగదుల్లో ద్రవం నిండి, రక్తానికి ఆక్సిజన్ అందదు. ఏఆర్‌డీఎస్‌గా పిలిచే ఈ స్థితిని వైద్యులు 1967లో తొలిసారి వర్ణించారు.

ఎముక మజ్జ, బొడ్డుతాడు నుంచి సేకరించిన మీసెంకైమల్ మూలకణాలను సిర ద్వారా ఎక్కిస్తే, వాటిలో అత్యధికం మొదట ఊపిరితిత్తుల్లోనే నిలుస్తాయి. అవి కొత్త కణజాలంగా మారడం కన్నా, వాపును తగ్గించే పదార్థాలను స్రవించి మేలు చేయవచ్చని పరిశోధకుల భావన.

అయితే అమెరికాలో వెంటిలేటర్‌పై ఉన్న కొవిడ్ రోగులపై జరిపిన ఒక ప్రయోగంలో, మరణాలను తగ్గించే లక్ష్యం నెరవేరే అవకాశం లేదని మధ్యంతర విశ్లేషణలో తేలింది. దీంతో 222 మంది చేరిన తరువాత 2020 డిసెంబరులో నమోదు నిలిచిపోయింది.

భారత్‌లో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం లేని మూలకణ చికిత్సలను అనుమతి పొందిన క్లినికల్ ప్రయోగాల్లో మాత్రమే చేపట్టాలి.