సిబిల్ స్కోరు తక్కువుంటే సొంతింటి ఆశ వదులుకోవాలా?

వరంగల్, హనుమకొండ, కాజీపేట బస్తీల్లో ఏళ్లతరబడి కిరాయికి ఉన్న కుటుంబం ఒక చిన్న ఇల్లు చూసుకుంటుంది. చీటీ ఎత్తి, మెడలో బంగారం కుదువబెట్టి బయానా ఇస్తుంది. తర్వాత బ్యాంకుకు వెళ్తే 'సిబిల్ బాగాలేదు' అన్న ఒక్కమాటతో వెనక్కి పంపుతారు. అగ్రిమెంట్ గడువు దాటితే బయానా పోతుంది. గడువు దాటకుండా చూసుకోవాలంటే ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ గడప తొక్కాలి. ఈ రెండు నష్టాలనూ తప్పించుకునే దారులున్నాయి. అవి తెలియాలంటే ముందు ఈ స్కోరు ఏమిటో తెలియాలి.

స్కోరు అంటే ఏమిటి?

మనం తీసుకున్న అప్పులు, కట్టిన కిస్తీల లెక్కను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు క్రెడిట్ సమాచార సంస్థలకు పంపుతాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని దేశంలో ఇవి నాలుగు. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద పనిచేస్తాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే లోన్ సులువు అంటారు. అది బ్యాంకుల అలవాటే తప్ప చట్టం పెట్టిన గీత కాదు.

ఈ రిపోర్టులో కులం కాలమ్ లేదు. కానీ అది కొలిచేది బ్యాంకుతో మనకున్న పాత సంబంధాన్ని. ఆ సంబంధం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కులం మాట ఎత్తకుండా చెప్పలేం.

మన ఇళ్లలో స్కోరు ఎందుకు పడుతుంది?

మొదటి కారణం మైక్రో ఫైనాన్స్. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్స్ ఇంటిమీదికొచ్చి వసూలు చేసే పద్ధతిని కట్టడి చేసింది. అప్పును మాత్రం రద్దు చేయలేదు. కిస్తీలు ఆగిపోయాయి, బాకీలు మిగిలాయి. 2011లో మాలెగాం కమిటీ సిఫార్సుల తర్వాత మైక్రో ఫైనాన్స్ కంపెనీలు కూడా క్రెడిట్ సమాచార సంస్థల్లో చేరాల్సి వచ్చింది. అప్పటినుంచి గ్రూపులో తీసుకున్న చిన్న అప్పు కూడా రికార్డుకెక్కుతోంది.

రెండోది జమానతు సంతకం. తమ్ముడి ఆటో లోన్‌కు సంతకం పెట్టి మర్చిపోతాం. అతను కట్టకపోతే మన రిపోర్టులోనూ పడుతుంది. విద్యారుణం కూడా అంతే. ఉద్యోగం రాక కొడుకు కిస్తీలు ఆపితే, అందులో భాగస్వామిగా ఉన్న తండ్రి స్కోరు పడిపోతుంది. ఫోన్ యాప్‌లో తీసుకున్న 3,000 రూపాయల అప్పు కూడా ఇంటి లోన్‌కు అడ్డం పడగలదు.

మరో చిక్కు 'సెటిల్‌మెంట్'. బాకీలో కొంత తగ్గించి కట్టించుకుంటే రిపోర్టులో 'సెటిల్డ్' అని రాస్తారు. పూర్తిగా కడితేనే 'క్లోజ్డ్'. మొదటి మాట చూసిన బ్యాంకు వెనకడుగు వేస్తుంది. ఏది కట్టినా నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోవాలి.

అసలు అప్పే తీసుకోనివారికి స్కోరే ఉండదు. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు కోరేవారిని పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు ఆదేశించినట్టు 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ లోక్‌సభకు చెప్పింది.

చేతిలో ఉన్న హక్కులు

నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మనది కాని అప్పు, కట్టినా బాకీగా చూపుతున్న అప్పు కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

చాలామంది కార్యకర్తలకు కూడా తెలియని నిబంధన ఇంకొకటి ఉంది. ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తును తిరస్కరించాల్సి వస్తే ఆ నిర్ణయం బ్రాంచిలో కాకుండా పై స్థాయిలో జరగాలనీ, కారణం స్పష్టంగా చూపాలనీ రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అందుకే కౌంటర్ దగ్గర నోటిమాట విని తిరిగి రావొద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. దరఖాస్తు లేకపోతే తిరస్కరణ లేదు, తిరస్కరణ లేకపోతే ఫిర్యాదూ లేదు. అలాగని వారంలో ఐదు బ్యాంకులకు పెట్టకూడదు. ప్రతి దరఖాస్తుకూ బ్యాంకు రిపోర్టు తీస్తుంది, వరసగా తీస్తే స్కోరు ఇంకా తగ్గుతుంది.

ఎక్కువ వడ్డీ ఖరీదు ఎంత?

10 లక్షల అప్పును 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 8,678 రూపాయలు. అదే 14 శాతమైతే 12,435. మొత్తం మీద తేడా 9 లక్షల పైమాటే. అంటే దాదాపు ఇంకో ఇంటి అప్పు. ఏడాది ఆగి బాకీలు తీర్చి, కిస్తీలు తప్పకుండా కట్టి స్కోరు పెంచుకోవడమే చాలామందికి లాభం. ఇప్పటికే ఎక్కువ వడ్డీకి తీసుకున్నవారు స్కోరు మెరుగయ్యాక లోన్‌ను బ్యాంకుకు మార్చుకోవచ్చు. వ్యక్తులు మారే వడ్డీపై తీసుకున్న ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు.

సొంత జాగా ఉన్న పేదలకు ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయలు దశలవారీగా వస్తాయి. అది అప్పు కాదు కాబట్టి స్కోరుతో పనిలేదు.

బయానాకు ముందు

రిపోర్టు తీసి చూడండి. బ్యాంకు నుంచి లోన్ మంజూరు పత్రం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. అంతవరకు ఆగలేకపోతే, 'లోన్ రాకపోతే బయానా తిరిగివ్వాలి' అన్న వాక్యం అగ్రిమెంట్‌లో రాయించండి. రాయడానికి, చదివించుకోవడానికి లాయర్ ఫీజు లేదని వెనకాడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి. విద్యార్థులు తమ వాడలో ఒక ఆదివారం కూర్చుని పదిమందికి రిపోర్టులు తీసిపెడితే, ఎవరి బాకీ ఎక్కడుందో ఆ సాయంత్రానికే తెలుస్తుంది.