ఆర్‌సీసీబీ

కరెంటు షాక్ నుంచి ప్రాణాలను కాపాడే రక్షణ స్విచ్. పూర్తి పేరు రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్. ఇళ్లలో దీన్ని డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎంసీబీలకు (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్లకు) ముందు బిగిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 12640.

పనితీరు: ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నంతసేపు స్విచ్ కదలదు. ఇన్సులేషన్ దెబ్బతిన్న కూలరును తడిచేత్తో తాకిన మనిషి ఒంటి గుండా కొంత కరెంటు నేలలోకి పోతే ఆ లెక్క తప్పుతుంది. వెంటనే సరఫరా ఆగిపోతుంది. షాక్ రక్షణకు ఇళ్లలో 30 మిల్లీఆంపియర్ల రకం వాడతారు. అంత లీకేజీకి అది 0.3 సెకన్లలోపు ట్రిప్ కావాలి.

పరిమితులు: ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌లను ఇది ఆపలేదు, వాటికి ఎంసీబీ తప్పనిసరి. నేలతో సంబంధం లేకుండా ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ పట్టుకున్న మనిషినీ కాపాడలేదు. ఎర్తింగ్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు.

వైరింగ్, నిర్వహణ: ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్‌ను ఎర్త్‌తోగానీ, దీని పరిధిలో లేని న్యూట్రల్‌తోగానీ కలిపితే అకారణంగా ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి దాన్ని తప్పించి నేరుగా కలపడం ప్రాణాంతకం. లోపాన్ని వెతికి సరిచేయించాలి. టెస్ట్ బటన్ నొక్కితే స్విచ్ పడిపోవాలి; పడకపోతే ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, పాడైందని తేలితే మార్చాలి.